పది పళ్ళా, పదకొండు పళ్ళా: వెనక ఇరుసు గేరు కోసం నంద్యాల, ఆళ్ళగడ్డ

మా పాత అంబాసిడర్ వెనక ఇరుసు డిసెంబరు నుంచి మూలగడం మొదలుపెట్టింది. ఇంకో బండి అయితే పాటలు గట్టిగా పెట్టుకుని తిరిగేవాణ్ణి. ఇది అలా తిరిగే బండి కాదు. విమానాలు దిగడం మానేసిన ఒక పాత రన్‌వే మీద, తిన్నగా ఒకే గీతలో, ఎంత వేగం అందుకోగలదో అంత అందుకుని ఆగిపోవడానికి నేనూ మా చెల్లెలు వసుంధరా ఆరేళ్ళు కష్టపడి తయారు చేసుకున్న బండి. ఏడాదికొకసారి జరిగే ఆ పోటీలో మలుపులుండవు, పక్కన ఇంకో బండి ఉండదు. బయలుదేరిన చోటి నుంచి కిలోమీటరున్నర దూరంలో వేగం కొలిచే యంత్రం ఒక్కటే ఉంటుంది. ఈ ఏడాది పోటీకి ఇంక మూడు వారాలే ఉంది. మూలిగే ఇరుసుతో పోతే గేరు పళ్ళు రన్‌వే మీద ఏరుకోవాలి. పాత గేర్లు దొరికే చోటు నంద్యాల అని ఎవరో చెబితే అనంతపురం నుంచి బయలుదేరాను. పాత బండ్ల సామాన్ల కోసం అదే దారి పట్టాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

గేరు సంగతి తెలియనివాళ్ళకు ముందుగా నాలుగు మాటలు. ఇంజను తిప్పే పొడుగాటి ఇనుప కడ్డీ చివర చిన్న పళ్ళ చక్రం ఉంటుంది, దాన్ని పినియన్ అంటారు. అది ఇరుసు మధ్యలో ఉన్న పెద్ద పళ్ళ చక్రాన్ని, అంటే క్రౌన్‌ను తిప్పుతుంది. క్రౌన్‌కు నలభై ఒక్క పళ్ళు, పినియన్‌కు తొమ్మిది ఉంటే, ఇంజను దాదాపు నాలుగున్నర చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక చుట్టు తిరుగుతుంది. నలభై మూడుకు పదకొండు ఉంటే నాలుగు చుట్లకంటే తక్కువకే ఒక చుట్టు వస్తుంది. అంటే అదే ఇంజనుతో బండి ఇంకా దూరం పోతుంది, కానీ లాగే బలం తగ్గుతుంది. వేగం పోటీలకు బండి కట్టేవాళ్ళ బుర్ర తినేది ఈ ఒక్క లెక్కే.

నా బుర్ర కూడా అదే తినేసింది. రెండేళ్ళ కిందట నలభై ఒకటికి తొమ్మిది గేరుతో మా బండి గంటకు నూట నలభై రెండు కిలోమీటర్లు పోయింది. నేను పాలిటెక్నిక్‌లో యంత్రాల బొమ్మలు గీయించే మాస్టారిని, లెక్క కనిపిస్తే వదలను. కాగితం మీద వేసి చూస్తే నలభై మూడుకు పదకొండుతో నూట అరవై అయిదు వస్తోంది. ఇంకేం కావాలి, మార్చేశాను. పోయినేడు పోటీలో వచ్చింది నూట ముప్పై ఒకటి. నడిపింది వసు. అనంతపురంలో ఆడవాళ్ళకు డ్రైవింగ్ నేర్పే బడి నడుపుతుంది తను. బండి దిగగానే అంది: "అన్నా, టాప్ వేస్తానే బండి సచ్చిపోయింది." టాప్ అంటే ఆఖరిదైన నాలుగో గేరు. నేను పక్కనున్న అందరికీ వినబడేలా నవ్వి, భయపడి పెడలు మీది కాలు ఎత్తేసి బండి మీద చెబుతోందన్నాను. అక్కడితో ఊరుకున్నానా? ఇదే బ్లాగులో కూడా రాశాను. ఆ తర్వాత మా ఊళ్ళో తనకు 'కాలెత్తే మేడమ్' అని పేరొచ్చింది. డ్రైవింగ్ నేర్పే మనిషికి అలాంటి పేరు వస్తే బడి ఏమవుతుంది? నేర్చుకుంటున్న ఇద్దరు అమ్మాయిల తల్లులు వచ్చి వాళ్ళను మాన్పించుకుని పోయారు. పదకొండు నెలలుగా వసు నాతో మాట్లాడటం లేదు. ఈ ఏడాది ఎంట్రీ ఫారంలో డ్రైవరు పేరు దగ్గర నా పేరు రాసి పంపించాను. నడిపి చూపిస్తే తేలిపోతుందని నా ధీమా. తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అంటారే, అది నన్ను చూసే అని ఉంటారు.

ఫిబ్రవరిలో ఒక శనివారం తెల్లవారుజామున అయిదింటికి బండిని డీసీఎం లారీ మీదకు ఎక్కించుకుని బయలుదేరాం. రానూపోనూ డీజిలుతో కలిపి బాడుగ తొమ్మిదిన్నర వేలు. డ్రైవరు పేరు ఖాజా, తాడిపత్రి మనిషి, నోరు మూతపడదు. తాడిపత్రి దాటాక రోడ్డుకు రెండు పక్కలా నాపరాళ్ళ దొంతరలు, ఎదురుగా సిమెంటు లారీలు. కొలిమిగుండ్ల చేరేసరికి ఏడు. బెలుం గుహలు దారిలోనే తగులుతాయి గానీ పొద్దున్నే పోతే తెరిచి ఉండవు, కుటుంబంతో వెళ్ళేవాళ్ళు పదింటికి చేరేలా చూసుకోండి. కొలిమిగుండ్లలో టీ తాగుతుంటే ఖాజా వెనక్కి తిరిగి లారీ మీది అంబాసిడర్‌ను చూశాడు.

"సార్, బండి ఇంత నున్నగా ఉండాది. తోలుకొనే పోగూడదా, మోసుకొని పోతాండామేంది?"

"దీనికి రోడ్డు మీద తిరిగే కాగితాలు లేవు ఖాజా."

"అయితే పెండ్లికొడుకే సార్. నడిచిపోడు, ఎత్తుకొని పోవాల."

బనగానపల్లె మీదుగా నంద్యాల చేరేసరికి ఎనిమిదిన్నర దాటింది. మా ఇంటి నుంచి దాదాపు నూట యాభై కిలోమీటర్లు. ఖాళీ లారీ అయితే మూడు గంటల్లోపే పోవచ్చు, మేము పెండ్లికొడుకును కుదపకుండా నిదానంగా వచ్చాం. బస్టాండు దగ్గర ఒక చిన్న హోటల్లో బొరుగులతో చేసే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ప్లేటు యాభై రూపాయలు. నంద్యాల ఉగ్గానికి వంక పెట్టినవాణ్ణి నేను నమ్మను. తొమ్మిదిన్నరకు విడిభాగాల అంగళ్ళు తెరుస్తారు. నేను ఫోన్లో మాట్లాడిన శెట్టిగారి అంగడి ఆ వరుసలో చివరిది. ముప్పై ఏళ్ళుగా జీపులకూ ట్రాక్టర్లకూ సామాన్లు అమ్ముతున్న మనిషి. నలభై మూడుకు పదకొండు కావాలన్నాను. ఆయన కళ్ళజోడు మీదుగా నన్ను తేరిపార చూశాడు.

"సారూ, మా కాడికొచ్చేటోళ్ళంతా శెనగ మూటలు ఏసుకొని పోయేటోళ్ళు. వాళ్ళకు లాగేది కావాల. ఉరికేది కావాలని వచ్చింది మీరొక్కరే."

"ఫోన్లో ఉండాదంటిరి గదా!"

"ఉండాదంటి. నా కాడుండాదని అంటినా? ఆళ్ళగడ్డలో ఓబుళరెడ్డి కాడుండాది. ఆయప్ప కాడ పాత ఇరుసులు కుప్పలు పడుండాయి. అందుకే బండి గూడ తెచ్చుకోమంటి, ఆయప్పే ఏసిస్తాడు." అంతవరకూ చెప్పి కాస్త గొంతు తగ్గించాడు. "ఒక మాట సారూ. అడిగిందల్లా ఇచ్చేరకం గాదు. ఆయప్ప మనసుకు సరేననిపిస్తేనే ఇస్తాడు."

దుడ్లిచ్చి కొనుక్కునేవాడికి ఇంకొకడి మనసుతో పనేమిటని సణుక్కుంటూ లారీ ఎక్కాను. నంద్యాల నుంచి ఆళ్ళగడ్డ నలభై కిలోమీటర్లు, కడప పోయే పెద్ద రోడ్డే, గంట పట్టింది. నల్లరేగడి పొలాల్లో శనగ కోత నడుస్తోంది. తూర్పున నల్లమల కొండలు మన వెంటే వస్తాయి. ఆళ్ళగడ్డ రాగానే రోడ్డు పక్కన శిల్పుల షెడ్లు, రాతి దుమ్ముతో తెల్లబడిన మనుషులు, సగం చెక్కిన దేవుళ్ళు, పూర్తిగా చెక్కిన నాయకులు కనిపిస్తారు. ఊరు దాటి రుద్రవరం దారిలో రెండు కిలోమీటర్లు పోతే ఓబుళరెడ్డి షెడ్డు. ఒక పక్క రేకుల కింద ఇరుసులు, గేరుపెట్టెలు. ఇంకో పక్క బండలాగుడు పోటీలకు పెంచుతున్న ఎద్దుల జత. ఎద్దుల పక్కే శుభ్రంగా ఉంది. అరవై అయిదేళ్ళ మనిషి, పొలాలున్న రైతు. జీపులు బాగుచేయడం సరదాగా నేర్చుకుని అదే పనిగా మారిపోయిందట.

బండి దించగానే ఆయన నన్ను పలకరించలేదు, బండి కింద దూరాడు. చక్రాన్ని చేత్తో తిప్పి, కడ్డీ ఎన్ని చుట్లు తిరుగుతోందో లెక్కపెట్టి బయటికొచ్చాడు. "నలభై మూడుకు పదకొండు. ఎవురు ఏసినారప్పా ఇది?"

"నేనే అన్నా. అరిగిపోయింది. అట్లాటిదే ఇంకోటి కావాల."

"దేనికి?"

నా నోటుబుక్కు చూపించాను. ఆయన మీసం కింద నవ్వుకుంటూ రెండు పేజీలూ చదివాడు. "లెక్క బాగుండాది. గాలి అడ్డానికి ఎంత ఏసినావు?"

"పుస్తకంలో కారుకు ఎంతని ఉందో అంత."

"ఆ పుస్తకం రాసినాయప్ప అంబాసిడర్ మూతి సూసినాడా? బీరువాను నిలబెట్టి తోసినట్లుంటాది." నోటుబుక్కు మూసి ఇచ్చాడు. "పోయినేడు ఎంత పోయింది? అంతకు ముందర ఎంత పోయింది?"

చెప్పాను. నూట ముప్పై ఒకటి, నూట నలభై రెండు.

"ఈ గేరు ఏసినంక తగ్గింది. మళ్ళీ ఇదే అడుగుతాండావు."

"తగ్గింది గేరుతో కాదన్నా. తోలిన మనిషి భయపడి కాలు ఎత్తేసింది. మా చెల్లెలే."

"నువ్వు తోలి సూసినావా?"

"లేదు."

ఆయన చేతులు గుడ్డకు తుడుచుకుని ఎద్దుల వైపు చూపించాడు. "మా ఊర్లల్లో బండలాగుడుకు ఒక కట్టుండాదప్పా. జత ఓడిపోతే యజమాని తోలినోణ్ణి ఒక్క మాట అనగూడదు. ముందర అదే జతను, అదే బండతో, అదే మట్టిలో తాను ఒక సుట్టు తోలాల. తోలినంక తిట్టు, ఎంతన్నా తిట్టు. నేను సిన్నప్పటి నుంచి సూస్తాండా, తోలినంక తిట్టినోణ్ణి ఇంతవరకు సూడల్యా."

నాకు ఒళ్ళు మండిపోయింది. గేర్లు కొనడానికి వచ్చానుగానీ ఎద్దులు తోలడానికి రాలేదన్నాను. "అయితే నంద్యాలకే పోప్పా" అని ఆయన ఎద్దులకు నీళ్ళు పెట్టడానికి లేచాడు. ఖాజా నవ్వు ఆపుకోలేక లారీ చాటుకు పోయాడు. మూడు వారాల్లో పోటీ, చేతిలో గేరు లేదు. పది నిమిషాలు ఎండలో నిలబడి చూశాను. ఆ మనిషి కదిలే రకం కాదని అర్థమై, సరే తోలతానన్నాను.

తోలడానికి చోటు కూడా ఆయనే చూపించాడు. అక్కడికి దగ్గర్లో కొత్తగా వేసిన రోడ్డు ముక్క ఒకటుంది, రెండున్నర కిలోమీటర్లు తిన్నగా. ఇంకా రాకపోకలకు తెరవలేదు. దాని సూపర్‌వైజరు ఓబుళరెడ్డికి అల్లుడి వరస. ఒక గంట సేపు వాడుకోవడానికి ఒప్పుకున్నాడు, రెండు చివర్లా ట్రాక్టర్లు అడ్డం పెట్టి మనుషుల్ని నిలబెట్టించాడు. కిలోమీటరున్నర దగ్గర ఒక ఎర్ర డబ్బా పెట్టి, దానికి తిన్నగా, రోడ్డుకు చాలా దూరంగా ఓబుళరెడ్డీ ఖాజా నిలబడ్డారు. మూలిగినా ఇరుసు ఈ ఒక్క చుట్టుకు తట్టుకుంటుందని ఓబుళరెడ్డి అన్నాడు. నేను హెల్మెట్టు పెట్టుకుని, బెల్టులు బిగించుకుని కూర్చున్నాను. అప్పుడు పన్నెండు కావస్తోంది. మా బండి సీటులో కూర్చుని పెడలును చివరిదాకా తొక్కడం నాకు అదే మొదటిసారి. ఆరేళ్ళూ నేను కట్టింది మాత్రమే, నడిపింది వసు.

మొదటి గేరు, రెండో గేరు బాగానే పోయాయి. మూడో గేరులో ఇంజను నిమిషానికి అయిదువేల నాలుగొందల చుట్లకు, అంటే దాని ఆఖరి హద్దుకు ఎక్కి కేక పెట్టింది, వేగం నూట ఇరవై. ఆనందంగా ఉంది, చూశావా రెడ్డీ అనుకున్నాను. టాప్ వేశాను. ఇంజను కేక ఒక్కసారిగా పడిపోయింది. చుట్లు చూపించే ముల్లు నాలుగువేల కిందికి జారింది. పెడలును నేలకు తొక్కిపెట్టే ఉన్నాను, తొడ నొప్పెడుతోంది, అయినా బండి ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు ఉంది. నూట ఇరవై రెండు. నూట ఇరవై అయిదు. ఎర్ర డబ్బా దాటేటప్పుడు నూట ఇరవై ఎనిమిది. అక్కడ బ్రేకు వేసి, చివర తిప్పుకుని వెనక్కి వచ్చాను.

ఖాజా పరుగెత్తుకుంటూ వచ్చి కిటికీలో తల పెట్టాడు. "ఏం సార్, నడుమన కాలెత్తేస్తిరి? అంత బాగా వస్తాంటిరి!"

"ఎత్తల్యా!"

"ఎత్తినట్లే ఇనపడింది సార్. భయమయిందేమో అనుకుంటి. ఏం పర్వాలేదులే, వయసు గదా."

"ఎత్తల్యా అంటాండా గదా! టాప్ వేస్తానే బండి సచ్చిపోయింది!"

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినబడింది. ఖాజా ఇంకేదో అంటున్నాడు, అది వినబడలేదు. పదకొండు నెలల కిందట ఇదే సీట్లోంచి దిగి వసు అక్షరం పొల్లుపోకుండా చెప్పింది ఇదే. తను చెప్తుంటే నేను నవ్వాను. ఖాజాకు బండ్ల సంగతి పెద్దగా తెలియదు, నా మీద కోపమూ లేదు, వినబడింది వినబడినట్టు అన్నాడు. అందుకే నాకంత కోపం వచ్చింది. నిజం చెప్పేవాణ్ణి నమ్మకపోతే ఎట్లా ఉంటుందో యాభై నాలుగేళ్ళకు నాకు తెలిసొచ్చింది, సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఓబుళరెడ్డి ఎగతాళి చెయ్యలేదు. "దిగప్పా, నీళ్ళు తాగు" అని చెంబు అందించాడు. రోడ్డు పక్కన కూర్చున్నాక నిదానంగా చెప్పాడు. మూడో గేరు నుంచి టాప్‌కు మారినప్పుడు ఏ బండికైనా ఇంజను చుట్లు పడతాయి. పాత గేరుతో ఆ మార్పు నూట మూడు దగ్గర జరిగేది, అక్కడ గాలి అంతగా అడ్డురాదు, పడిన చుట్లను ఇంజను మళ్ళీ పైకి లాక్కునేది. నా గేరుతో అదే మార్పు నూట ఇరవై దగ్గర జరుగుతోంది. అక్కడ గాలి బరువు ఎక్కువ, చుట్లు పడిపోయిన ఇంజనుకు దాన్ని తోసే బలం ఉండదు. కాగితం మీద నూట అరవై అయిదు ఉన్నా ఆ మెట్టు ఎక్కలేక బండి కిందే నిలబడిపోతుంది. "బండ కదిలించేది ఏ జతయినా కదిలిస్తాది. నడుమన ఊపిరి యాడుండాది, అది సూడాల" అన్నాడు.

"అయితే పాత గేరుకే పోదామా అన్నా? నలభై ఒకటికి తొమ్మిది?"

"అది నేను చెప్పల్యా. నడుమ ఇంకోటి ఉండాది, నలభై మూడుకు పది. పాత గేరుతో పోయినప్పుడు ఇంజను ఆఖరి చుట్లకు యాడ పోయి తగిలింది? వేగం కొలిచేకాడనా, ముందరేనా? ముందరే తగిలుంటే ఇంకా పోయే బలముండి పోలేకపాయ, అప్పుడు పది ఏద్దాం. సరిగా ఆఖర్లో తగిలుంటే తొమ్మిదే మేలు."

నాకు తెలియదు. వేగం ఎంతో తెలుసు, ఎక్కడ అందుకుందో ఎప్పుడూ అడగలేదు. అది తెలిసిన మనిషి ఒక్కతే. ఓబుళరెడ్డికి నా మొహం చూసి అర్థమైంది. "ఫోన్ చెయ్యప్పా. అది తెలీకపోతే నేను ఏ గేరూ ఏసేది ల్యా" అని లేచాడు.

ఆళ్ళగడ్డలో జొన్నరొట్టెల హోటల్లో కూర్చుని ఫోన్ చేశాను. భోజనం నూట ఇరవై, రెండు రొట్టెలు, పప్పు, చెనిగ్గింజల (వేరుశనగ) పొడి, ముద్ద సంగటి. రెండుసార్లు వసు ఎత్తలేదు. రొట్టెలు చేసే ఆమె నా ముందుకొచ్చి నిలబడింది. "ఏం సార్, రొట్టె చేతిలో పెట్టుకొని సూస్తాండావు? కారమెక్కువయిందా?"

"లేదమ్మా. ఒకరితో మాట్లాడాల."

"తిని మాట్లాడు. కడుపు కాలినప్పుడు మాట్లాడితే మాట గూడ కాలుతాది."

తిన్నాక వసు నంబరుకు కాకుండా బడి నంబరుకు చేశాను. "డ్రైవింగ్ స్కూలు, చెప్పండి" అంది తనే. నేనని చెప్పాను. "క్లాసుండాది నాకు. ఏంది చెప్పు" అంది. చెప్పాల్సింది వదిలేసి, పిరికివాడిలా ముందు గేరు సంగతే అడిగాను. రెండేళ్ళ కిందట ఆఖరి చుట్లు ఎక్కడ తగిలాయని.

"మూడో జెండా కాడ." ఒక్క క్షణం ఆలోచించకుండా చెప్పింది. రన్‌వే మీద మూడొందల మీటర్లకొక జెండా, అయిదు జెండాలుంటాయి. "మూడో జెండా కాడే అయిదువేల నాలుగొందలు పట్టె. ఆడి నుంచి ఆఖరి దాకా పైకి పోలేక అట్లే అరుస్తా పాయ. ఒక్క మెట్టు పెద్ద గేరుంటే చాలనుకుంటి. నువ్వు రెండు మెట్లు ఏస్తివి."

"నాకు చెప్పకపోతివే?"

"అడిగితివా నువ్వు? ఎంత పాయ అని అడిగితివి. నూట నలభై రెండు అంటి. పుస్తకం తీసుకొని కూర్చుంటివి."

ఇంక దాచుకునేదేముంది? "వసూ, ఈపొద్దు నేనే తోలినా. టాప్ వేస్తానే సచ్చిపోయింది. నా కాలు పెడలు మీదే ఉండింది. నువ్వు ఎత్తల్యా. తప్పు నాదేమ్మా" అన్నాను. అవతల ఎవరో అమ్మాయి "మేడమ్, నేను బండి తీయనా" అని అడగడం వినబడింది. వసు ఆ అమ్మాయిని ఉండమంది. తర్వాత నాతో అన్న మాటలు ఇవే: "ఆపొద్దు నలుగురి ముందర అంటివి. సాలక బ్లాగులో రాస్తివి. ఇప్పుడొచ్చి చెవిలో చెప్తాండావు." ఫోన్ పెట్టేసింది.

తిరిగి షెడ్డుకు పోయి మూడో జెండా అన్నాను. ఓబుళరెడ్డి వెంటనే లేచి, గుడ్డలో చుట్టిపెట్టిన నలభై మూడుకు పది జత తెచ్చాడు. "చూస్తివా, ఆ పాప లెక్క నీ పుస్తకం కన్నా ముందరుండాది" అన్నాడు. గేర్ల జత పద్నాలుగు వేలు, బిగింపు రెండున్నర వేలు. రెండింటికి మొదలుపెట్టి అయిదున్నరకు ముగించాడు. పళ్ళకు రంగు పూసి, తిప్పి, ఎక్కడ రాసుకుంటున్నాయో చూసి, పల్చటి రేకులు మార్చి మళ్ళీ తిప్పడం, అదే పని అయిదుసార్లు. తొందరపెట్టకండి, తొందరపెడితే ఆయన ఎద్దుల దగ్గరికి పోతాడు. బిగించాక ఆ తెరవని రోడ్డు మీదే అరవై దాటకుండా పది నిమిషాలు తోలి చూశాం. మూలుగు లేదు. ఎంత వేగం పోతుందో నాకు తెలియదు, లెక్క మాత్రం వెయ్యలేదు. వచ్చేటప్పుడు నంద్యాల తిరగకుండా కోయిలకుంట్ల మీదుగా కొలిమిగుండ్ల చేరితే దూరం తగ్గుతుంది.

దారంతా ఖాజా మాట్లాడుతూనే ఉన్నాడు, నేను ఊ కొట్టాను. గేరు ఎంచుకోవడమంటే ఇంజనుకూ గాలికీ మధ్య ఒప్పందం కుదర్చడమని నా విద్యార్థులకు చెబుతుంటాను. ఆ ఒప్పందం జరిగే చోట కూర్చునేది నడిపే మనిషి. ఆ మనిషి మాట కంటే నా కాగితం గొప్పదనుకున్నాను. లెక్క తప్పినందుకు నాకు బాధ లేదు, లెక్కలు తప్పుతాయి. తప్పిన లెక్కను కాపాడుకోవడానికి మా చెల్లెలి పేరు పాడుచేశాను, అదే బాధ. కాబట్టి చెవిలో కాదు, ఇక్కడే రాస్తున్నాను. పోయినేడు ఈ బ్లాగులో నేను రాసింది అబద్ధం. వసుంధర కాలు ఎత్తలేదు. బండి నూట ముప్పై ఒకటి దగ్గర ఆగింది నేను వేసిన గేరు వల్ల. ఇదే బండిని నేను నడిపితే నూట ఇరవై ఎనిమిదే పోయింది, అంటే తను నాకంటే గంటకు మూడు కిలోమీటర్లు ఎక్కువ వేగంతోనే నడిపింది. అనంతపురంలో ఆ పేరు పెట్టి నవ్వినవాళ్ళు, పిల్లల్ని మాన్పించుకున్నవాళ్ళు ఇది చదివి ఇంకో నలుగురికి చెప్పండి. పోటీవాళ్ళకు ఉత్తరం రాసి ఫారంలో నా పేరు కొట్టేయించాను. డ్రైవరు గడి ప్రస్తుతం ఖాళీగా ఉంది. వసు వస్తుందో రాదో నాకు తెలియదు, రమ్మని అడిగే మొహం కూడా ఇంకా నాకు లేదు.

పోయేవాళ్ళకు ఒకే ఒక్క సలహా. గేరు కొనడానికి ఇంటి నుంచి బయలుదేరే ముందే బండి నడిపినవాళ్ళను కూర్చోబెట్టి అడగండి: టాప్ వేశాక ముల్లు పైకి పోయిందా, నిలబడిందా, కిందికి జారిందా, ఇంజను ఆఖరి చుట్లు ఏ జెండా దగ్గర అందుకుంది అని. అడిగి, వాళ్ళు చెప్పడం అయిపోయేదాకా నోరు మూసుకుని వినండి. నేను ఆ పని చేసి ఉంటే గేరుకు ఆళ్ళగడ్డ ప్రయాణం ఒక్కటే ఖర్చయ్యేది, పదకొండు నెలలపాటు చెల్లెలు ఖర్చయ్యేది కాదు.